కువైట్‌లో ఉండిపోయిన మౌస్

మొన్న ఫోను ఛార్జింగ్ పిన్ను పాడైతే తిరుపతి తిలక్ రోడ్డులో ఒక సెల్ రిపేరు షాపుకు వెళ్లాను. కౌంటరు వెనకాల కుర్రాడు సాల్డరింగ్ ఐరన్‌ను ఫ్లక్స్‌లో అద్ది బోర్డు మీద పెట్టాడు. సన్నటి తెల్లపొగ లేచి నా ముక్కుకు తగిలింది. ఫోను సంగతి మర్చిపోయాను. తీర్థకట్ట వీధిలో చిన్నాయన షాపు, ఆ చెక్క బల్ల, దాని మీద విప్పి పెట్టిన టీవీలు, బల్ల చివర అరబ్బీ అక్షరాల కీబోర్డు ఒక్కటొక్కటే కళ్ల ముందుకు వచ్చాయి. చిన్నాయన పోయి చాలా ఏళ్లయింది. ఆయన గురించి రాయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. ఆ అరబ్బీ కీబోర్డు కంప్యూటర్‌కు పనికొచ్చే మౌస్ కోసం మేమిద్దరం తిరిగిన తిరుగుడు గురించి రాస్తే ఆయన గురించి రాసినట్టే.

చిన్నాయన పీలేరులో రేడియో మెకానిక్ దగ్గర పని నేర్చుకుని కువైట్ వెళ్లాడు. అప్పట్లో పీలేరు, రాయచోటి, రాజంపేట వైపు ఏ వీధిలో చూసినా ఒక కువైట్ ఇల్లు ఉండేది. సెలవు మీద వచ్చాడంటే ఇంటిల్లిపాదికీ పండగే. తాళ్లతో బిగించి కట్టిన అట్టపెట్టెలు విప్పుతుంటే పిల్లలమంతా చుట్టూ కూర్చునేవాళ్లం. టాంగ్ డబ్బా, టైగర్ బామ్, అవ్వకు మెత్తటి దుప్పటి, నాన్నకు టార్చిలైటు. ఒకసారి అన్నిటికంటే అడుగున, బట్టల మధ్య జాగ్రత్తగా చుట్టి, ఒక కీబోర్డు బయటికి వచ్చింది. దాని మీద ప్రతి మీటకూ ఒక ఇంగ్లీషు అక్షరం, పక్కన ఒక అరబ్బీ అక్షరం. "ఇదే కంప్యూటర్‌రా, ఇంగేమీ లేదు, టీవీకి తగిలిస్తే చాలు" అన్నాడు.

దాని పేరు సఖ్ర్. కువైట్‌లోని అల్ ఆలమియా అనే కంపెనీ అరబ్బీ వాళ్ల కోసం జపాన్‌లో చేయించి అమ్మేది. లోపల ఉన్నది ఎంఎస్‌ఎక్స్2. మైక్రోసాఫ్ట్, జపాన్‌లోని ఆస్కీ కంపెనీ కలిసి 1983లో ఎంఎస్‌ఎక్స్ అని ఒక ప్రమాణం పెట్టాయి. సోనీ చేసినా, యమహా చేసినా, శాన్యో చేసినా ఒకదాని క్యాట్రిడ్జ్, అంటే ఆటో ప్రోగ్రామో ఉండే డబ్బా, ఇంకోదాంట్లో ఆడాలి. 1985లో దానికి రెండో రూపం వచ్చింది. 512 రంగుల్లోంచి 16 ఎంచుకుని 256 బై 212 చుక్కల తెర మీద బొమ్మ వేయొచ్చు. ఇవన్నీ నేను తర్వాత తెలుసుకున్నవి. ఆ రోజు తెలిసింది మాత్రం ఒక్కటే. కువైట్‌లోనూ మనలాగే పాల్ అనే సిగ్నల్ పద్ధతి టీవీలే కాబట్టి మా డయనోరా టీవీకి తగిలించగానే తెర నీలంగా వెలిగింది. ప్లగ్గు మాత్రం చదునైన మూడు పిన్నులది. చిన్నాయన దాన్ని కోసేసి మన గుండ్రటి పిన్నుల ప్లగ్గు వేశాడు.

అంత డబ్బు పోసి ఎందుకు కొన్నట్టు? ఆటల కోసం కాదు. పెళ్లి వీడియోల కోసం.

తిరుపతిలో ముహూర్తాల కాలం వచ్చిందంటే పెళ్లిళ్లు ఎలా జరుగుతాయో చెప్పనక్కరలేదు. కొండ మీద తాళి కట్టించి, కింద సత్రంలో భోజనాలు పెట్టి, రాత్రికి రాత్రి ఊరెళ్లిపోయేవాళ్లు. వీహెచ్‌ఎస్ క్యాసెట్లు కొత్తగా వచ్చిన రోజులు. క్యాసెట్ మొదట్లో వధూవరుల పేర్లు రావాలంటే బోర్డులు రాసే ఆర్టిస్టు చేత అట్ట మీద రాయించి, దాన్ని కెమెరాతో తీసేవాళ్లు. అట్ట కదిలితే పేర్లు కదిలేవి. కువైట్‌లో ఒక స్టూడియోలో కంప్యూటర్ మీద టైటిళ్లు గీసి నేరుగా వీసీఆర్‌లోకి ఎక్కించడం చిన్నాయన చూశాడు. మన అక్షరాలు అలా గీస్తే తిరుపతిలో పనికి కొదవుండదని ఆయన లెక్క. అరబ్బీ రాసే మిషన్ తెలుగు రాయదు గదా అని నాన్న అంటే, "రాయడం కాదన్నా, గీయడం. మౌస్ ఉంటే ఏ అక్షరమైనా గీసుకోవచ్చు" అన్నాడు.

ఆ విడత మౌస్ తేలేదు. తిరిగి వెళ్లాక కొన్నాడు. యమహా కంపెనీది. ఉత్తరంలో దాని బొమ్మ గీసి పంపాడు. రెండు మీటలు, కింద బంతి, చివర తొమ్మిది బొక్కల ప్లగ్గు. ఏ బొక్క దేనికో కూడా నంబర్లు వేసి రాశాడు. సంక్రాంతికి వచ్చేటప్పుడు తెస్తానన్నాడు. నేను ఆ ఉత్తరాన్ని సోషల్ నోట్సులో పెట్టుకుని బడికి కూడా తీసుకెళ్లాను.

సంక్రాంతి కంటే ముందు 1990 ఆగస్టు 2 వచ్చింది.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగిందని రేడియోలో విన్న రోజు నుంచి మా ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలగలేదు. అవ్వ దేవుడి గూడు ముందు నుంచి లేచేది కాదు. నాన్న రోజూ సాయంత్రం ఎస్టీడీ బూతు దగ్గర, పోస్టాఫీసు దగ్గర పీలేరు వాళ్లను పట్టుకుని ఎవరికి ఏం తెలిసిందో కనుక్కొచ్చేవాడు. జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాలు లక్ష మందికి పైగా మనవాళ్లను బొంబాయికి చేర్చాయి. చిన్నాయన కూడా వాళ్లలో ఒకడై, ఎడారిలో గుడారాల్లో పడుకుని, బొంబాయి చేరి, అక్కడి నుంచి మద్రాసు రైలెక్కి ఒకరోజు రేణిగుంటలో దిగాడు. చేతిలో ఒక చిన్న సంచి. మనిషి సగమయ్యాడు. అవ్వ ఆయన చేతులు పట్టుకుని వేళ్లు ఒక్కొక్కటే తడిమి చూసింది, అన్నీ ఉన్నాయో లేదో అన్నట్టు.

రావలసిన జీతం, దాచుకున్న సామాను, గదిలోని మంచం, టీవీ అన్నీ అక్కడే పోయాయి. వాటి గురించి ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. కొన్ని వారాల తర్వాత నేను, అడగొచ్చో లేదో తెలియకుండానే, "మౌస్?" అన్నాను. "ఆడనే ఉండాదిరా, దిండు కింద పెట్టి వచ్చినా" అన్నాడు. కాసేపాగి, "ఎవురన్నా ఎత్తుకోనుంటే వాళ్లకన్నా పనికొచ్చుంటాదిలే" అన్నాడు.

*

తీర్థకట్ట వీధిలో చిన్న గది అద్దెకు తీసుకుని టీవీ, టేప్‌రికార్డర్ రిపేరు షాపు పెట్టాడు. నేను బడి అయిపోగానే అక్కడే. ఆ గదిలో శబ్దాలు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. స్టెబిలైజర్ రిలే టక్కుమని పడేది. గుంయ్‌మంటూ ట్రాన్స్‌ఫార్మర్. గోవిందరాజస్వామి గుడి గంట. వీధి చివరి నుంచి జీపువాళ్ల "కొండకు, కొండకు, కొండకు" కేకలు. గుండు మీద చందనం ఆరని యాత్రికులు షాపు ముందు ఆగి, లోపల వెలుగుతున్న తెరను చూస్తూ నిలబడేవాళ్లు.

రిపేర్లు అయ్యాక, షట్టరు సగం దించి, కంప్యూటర్ పెట్టుకునేవాళ్లం. మౌస్ లేదు కాబట్టి బాణం గుర్తు మీటలతోనే గీయాలి. తెలుగు అక్షరం ఆ మీటలతో గీసి చూసినవాళ్లకే ఆ బాధ తెలుస్తుంది. ఇంగ్లీషు 'ఎల్' అయితే ఒక నిలువు గీత, ఒక అడ్డ గీత. మన 'శ్రీ'లో నిటారుగా ఉండే గీత ఒక్కటి చూపించండి. పైకి రెండు చుక్కలు, పక్కకు ఒకటి, మళ్లీ పైకి ఒకటి, పక్కకు రెండు. ఇలా మెట్లు మెట్లుగా వంపు కట్టుకుంటూ పోవాలి. 'శ్రీరస్తు' అనే ఒక్క మాటకు సాయంత్రమంతా పట్టేది. 'శుభమస్తు' సగంలో ఉండగా కరెంటు పోయేది. చీకట్లో చిన్నాయన గొంతు వినిపించేది. "యాడ పోయిందిరా కరెంటు, ఇంగ రెండు అక్షరాలేగదా ఉండేది!" ఆ బొమ్మకు గుర్తుపెట్టుకునే చోటంటూ లేదు. మళ్లీ మొదటి నుంచే.

అలా గీసిన మొదటి టైటిల్ అంచులన్నీ మెట్లు మెట్లుగా ఉన్నాయి. దాన్ని చూసిన వీడియో ఆయన మొహమాటపడుతూ, అట్ట మీద రాయించుకుంటానులే అని వెళ్లిపోయాడు. చిన్నాయన ఏమీ అనలేదు. మర్నాటి నుంచి మౌస్ వేట మొదలైంది.

*

ఊళ్లో అప్పటికే ఒకటి రెండు కంప్యూటర్ సెంటర్లు వచ్చాయి. చెప్పులు బయట విడిచి, ఏసీ గదిలోకి గుడిలోకి వెళ్లినంత భయంగా వెళ్లాలి. అక్కడ పనిచేసే ఒకాయన టేప్‌రికార్డర్ చిన్నాయన బాగుచేసి ఇచ్చాడు. ఆ చనువుతో ఒక ఆదివారం వాళ్ల మౌస్ అరువిచ్చాడు. తెల్లటి, బరువైన మౌస్. చివర తొమ్మిది బొక్కల ప్లగ్గు. అచ్చం ఉత్తరంలోని బొమ్మలో ఉన్నట్టే.

మా కంప్యూటర్ పక్కనున్న జాయ్‌స్టిక్ (ఆటల పిడి) పోర్టులోకి మెత్తగా దూరింది. స్క్రూలు కూడా బిగుసుకునేట్టే ఉన్నాయి. స్విచ్ వేశాం. ఏమీ లేదు. ఇటు జరిపాం, అటు జరిపాం, మీటలు నొక్కాం. "దూరతా ఉండాది గదరా అబ్బోడా, ఇంగ పలకదేం?" అన్నాడు.

పాత హోమ్ కంప్యూటర్ల మౌస్‌లలో ఉన్న చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ తొమ్మిది పిన్నుల ప్లగ్గును అందరూ వాడుకున్నారు. పీసీ వాళ్లు సీరియల్ పోర్టుకు పెట్టారు. అటారి, కమోడోర్, అమిగా, ఎంఎస్‌ఎక్స్ వాళ్లు జాయ్‌స్టిక్‌కు, మౌస్‌కు పెట్టారు. మొదటి మాకింతోష్ మౌస్‌కు కూడా అదే. ప్లగ్గు ఒకటే, లోపల నడిచేది మాత్రం దేనిది దానికే.

పీసీ సీరియల్ మౌస్‌లో ఒక చిన్న చిప్పు ఉంటుంది. కదలికను లెక్కపెట్టి, మూడు బైట్ల పొట్లం కట్టి, సెకనుకు 1200 బిట్ల చొప్పున ఒకే తీగ మీద పంపుతుంది. దానికి కావలసిన కరెంటు కూడా పీసీ సీరియల్ పోర్టు సిగ్నల్ తీగల నుంచే లాక్కుంటుంది. మా పోర్టులో ఆ పిన్నుల దగ్గర కరెంటే లేదు. ఇంక అసలైన ఎంఎస్‌ఎక్స్ మౌస్ పద్ధతి ఇంకో రకం. కంప్యూటర్ 8వ పిన్నును పైకీ కిందికీ ఆడిస్తుంది. ఆడించినప్పుడల్లా మౌస్ నాలుగు బిట్లు చొప్పున, ముందు అడ్డంగా ఎంత జరిగిందో, తర్వాత నిలువుగా ఎంత జరిగిందో, 1 నుంచి 4 పిన్నుల మీద పెడుతుంది. అడిగితేనే చెప్పే మౌస్ అది. కంప్యూటర్‌లోనే ఉండే బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ప్యాడ్(12) అని అడిగి, ప్యాడ్(13), ప్యాడ్(14)లలో జవాబు చదువుకోవచ్చు.

ఇదంతా అప్పుడు మాకు చెప్పేవాళ్లు లేరు. చిన్నాయన దగ్గర ఉన్నది ముల్లు కదిలే మల్టీమీటరు, ఒక లాంగ్‌సైజు నోటుబుక్కు, కువైట్ నుంచి రాసిన ఆ ఉత్తరం. పోర్టులోని ఒక్కో పిన్ను మీద మీటరు పెట్టి చూసి రాసుకున్నాడు. 5వ పిన్ను దగ్గర 5 వోల్టులు. 9వది గ్రౌండు. 6, 7 మీటలకు. ఉత్తరంలో రాసినవే. తన అక్షరాలను తానే వేలితో చూపిస్తూ, "సరిగ్గానే రాసినా సూడు" అని ఎంత సంతోషపడ్డాడో.

*

మద్రాసు వెళ్లాలంటే తెల్లవారుజామున బస్సు. పుత్తూరు, నాగలాపురం, ఊత్తుకోట మీదుగా. షాపుకు స్పేర్ల కోసం చిన్నాయన ఎలాగూ వెళ్లేవాడు, సెలవులైతే నన్ను వెంటబెట్టుకునేవాడు. మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌లో ట్రాన్సిస్టర్లు, ఐసీలు కిలోల లెక్కన పోసి ఉండేవి. మౌస్ అంటే మాత్రం అందరూ పీసీ మౌసే చూపించేవాళ్లు. ఎంఎస్‌ఎక్స్ అనే మాట అక్కడ ఎవరికీ తెలియదు. సాయంత్రం బీచ్ స్టేషన్ దగ్గర బర్మా బజారుకు నడిచేవాళ్లం. సింగపూర్ నుంచి వచ్చిన కాలిక్యులేటర్లు, సెంట్లు, వాక్‌మన్‌ల మధ్య పాత సామాను గంపలు ఉండేవి. చిన్నాయన వాటిలో చేయి పెట్టి తీగ చివర ఉన్న ప్లగ్గును మాత్రమే బయటికి లాగి చూసేవాడు. వస్తువు ఏదైనా సరే, ముందు ప్లగ్గు.

అలా ఒకసారి ఒక బూడిదరంగు మౌస్ దొరికింది. మీటల పైన అటారి గుర్తు. తొమ్మిది బొక్కల ప్లగ్గు. వేరే ఆలోచన లేకుండా కొనేశాడు. తిరిగి వచ్చే బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని, చిన్న స్క్రూడ్రైవర్‌తో కింది మూత తిప్పి, బంతి తీసి నా చేతిలో పెట్టాడు. రబ్బరు తొడుగున్న ఉక్కు బంతి. చూడటానికి చిన్నది, చేతిలో బరువు. ఊత్తుకోట దాటేదాకా నా పిడికిట్లోనే ఉంది.

ఆ మౌస్ విప్పిన రాత్రి నాకు బాగా గుర్తు. లోపల రెండు సన్నటి రోలర్లు, ఒకటి అడ్డానికి, ఒకటి నిలువుకు. ఒక్కో రోలరు చివర ఒక పళ్ల చక్రం, ఎద్దుల బండి చక్రానికి ఆకులున్నట్టు సన్నటి చీలికలతో. చక్రానికి ఒక పక్క కంటికి కనపడని కాంతినిచ్చే ఎల్ఈడీ, ఇంకో పక్క రెండు ఫోటోట్రాన్సిస్టర్లు. ఆ రెండింటినీ ఒకదానికొకటి పావు మెట్టు ఎడంగా పెట్టారు. చక్రం కుడికి తిరిగితే ముందు మొదటిదానికి వెలుతురు తగులుతుంది, ఎడమకు తిరిగితే ముందు రెండోదానికి. ఏది ముందో చూస్తే దిక్కు తెలుస్తుంది, ఎన్నిసార్లో లెక్కపెడితే దూరం తెలుస్తుంది. లెక్కపెట్టే పని మౌస్ చేయదు. ఆ నాలుగు తీగలనూ ఉన్నది ఉన్నట్టు కంప్యూటర్‌కు ఇచ్చేస్తుంది.

చిన్నాయన బెంచి మీది 5 వోల్టుల సప్లై ఇచ్చి, మీటరు తగిలించి, రోలరును గోటితో అతి మెల్లగా తిప్పాడు. మీటరు ముల్లు పైకి లేచింది. ఇంకాస్త తిప్పాడు, కిందికి వాలింది. మళ్లీ లేచింది. ఇద్దరం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. "బతికుండాదిరా ఇది" అన్నాడు.

అటారి మౌస్‌కు కరెంటు 7వ పిన్ను, గ్రౌండు 8. మా పోర్టుకు కరెంటు 5, గ్రౌండు 9. నేరుగా గుచ్చితే మౌస్‌కు కరెంటే అందదు. అందుకని ఒక మగ ప్లగ్గు, ఒక ఆడ ప్లగ్గు తీసుకుని మధ్యలో జానెడు తీగలు వేశాడు. 1 నుంచి 4 వరకు, ఆ తర్వాత 6, నేరుగా. 7ను 5కు, 8ని 9కి, కుడి మీట ఉన్న 9ని 7కు. ఒక్కో అతుకుకు ముందు తీగను ఫ్లక్స్‌లో ముంచి, టంకం పూసి, అప్పుడు పిన్నుకు అంటించేవాడు. టంకం చుక్క మెరుస్తూ గుండ్రంగా నిలవాలి, మసకగా ఉంటే మళ్లీ తీసి పెట్టేవాడు. ఇంత చిన్న పనికి అంత శ్రద్ధ ఎందుకని నాకు అప్పుడు అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు. ఆ అడాప్టర్ ఇవాళ్టికీ నా దగ్గర పనిచేస్తోంది.

*

కరెంటు అందింది, సిగ్నల్ వస్తోంది. కానీ అది ఎంఎస్‌ఎక్స్ మౌస్ కాదు కాబట్టి ప్యాడ్(12) దాన్ని గుర్తించదు. జాయ్‌స్టిక్ దిక్కులుగా చదివి మనమే లెక్కపెట్టుకోవాలి. బేసిక్‌లో రాశాను. బాణం గుర్తు కదిలింది! చిన్నాయన నా వీపు మీద చరిచిన చరుపు ఇప్పటికీ గుర్తుంది. అయితే మౌస్‌ను కాస్త వేగంగా జరిపితే గుర్తు వెనక్కి వెళ్లేది, ఉన్నచోటే వణికేది. బేసిక్ ఒకసారి చదివి మళ్లీ చదివేలోపు చక్రంలో మూడు నాలుగు చీలికలు దాటిపోయేవి. ఏది ముందొచ్చిందో దానికి తెలిసేది కాదు.

ఆ తర్వాత నేను ఎస్వీ యూనివర్సిటీలో ఇంజనీరింగ్‌లో చేరాను. ల్యాబులో మాకు నేర్పింది 8085 అనే ప్రాసెసర్. చిన్నాయన కంప్యూటర్‌లో ఉన్నది జెడ్80. రెండూ 8080 నుంచి వచ్చినవే కాబట్టి మామూలు ఆదేశాల కోడ్‌లు చాలావరకు ఒకటే. ఈ సంగతి తెలిసిన రోజు క్లాసు అవగానే బస్సు కూడా ఎక్కకుండా షాపుకు నడిచి వెళ్లాను. 8085 కోడ్ షీటు ముందు పెట్టుకుని చేత్తోనే మెషిన్ కోడ్ రాశాను. సౌండ్ చిప్పులో జాయ్‌స్టిక్ పిన్నులను చూపించే 14వ రిజిస్టరును ఎంచుకో, దాన్ని చదువు, పాత రెండు బిట్లు, కొత్త రెండు బిట్లు పక్కపక్కన పెట్టు, పదహారు గళ్ల పట్టికలో చూడు, ఒకటి కలపాలా, తీసేయాలా, వదిలేయాలా? అంతే ప్రోగ్రాం. అమిగాలో ఈ లెక్కంతా డెనీస్ అనే చిప్పు చూసుకుంటుంది. అటారి ఎస్‌టీలో కీబోర్డుకు విడిగా ఒక ప్రాసెసర్ ఉంటుంది, అది చూసుకుంటుంది. మాకు ఉన్న ఒక్క జెడ్80 మౌస్‌నూ చూడాలి, గీతా గీయాలి. అందుకని గీసేటప్పుడు మౌస్‌ను నిదానంగా జరపాలని నియమం పెట్టుకున్నాం. నిదానం చిన్నాయనకు పుట్టుకతోనే ఉంది.

ప్రోగ్రాంను క్యాసెట్‌లోకి ఎక్కిస్తే కీచుమంటూ ఒక కూత. ఆ కూత వింటే పక్క షాపు ఆయన "మొదలైందా మీ ఇద్దరికీ" అని తలుపు దగ్గరికి వచ్చేవాడు.

మొదట 'శ్రీ' గీశాడు. ఒకే ఊపులో, చేయి ఎత్తకుండా. గుడిదీర్ఘం మెలిక దగ్గర కాస్త ఆగి, దాన్ని చక్కగా తిప్పుకొచ్చాడు. మెట్లు లేవు. ఎడమచేత్తో బల్ల అంచు పట్టుకుని, కళ్లద్దాలు ముక్కు మీదికి జారినా సర్దుకోకుండా, మౌస్ కింద పాత క్యాలెండర్ అట్ట పెట్టుకుని గీశాడు. ఆ వారంలోనే చంద్రగిరిలో ఒక పెళ్లికి టైటిళ్లు గీశాం. అట్ట మీద రాయించుకుంటానన్న వీడియో ఆయనే మళ్లీ వచ్చాడు. పేర్ల చుట్టూ మావిడాకుల తోరణం కూడా వేయమన్నాడు. ముహూర్తాల కాలమంతా షట్టరు సగం దించి ఉండేది, లోపల మేం తోరణాలు గీస్తూ ఉండేవాళ్లం.

*

మౌస్‌ల గోల ఊళ్లో తెలిసిపోయాక, మౌస్ అనేది ఏది పాడైనా మా దగ్గరికే వచ్చేది. కంప్యూటర్ సెంటర్ల వాళ్లు సంచిలో వేసుకుని తెచ్చేవాళ్లు. సగం వాటికి జబ్బు మురికే. రోలర్ల చుట్టూ దారపు పోగులు, చెమట కలిసి నల్లటి ఉంగరంలా చుట్టుకుపోయేది. సర్జికల్ స్పిరిట్ అద్దిన దూదితో తుడిస్తే చాలు. కొన్నిటికి బంతే ఉండేది కాదు, కుర్రాళ్లు ఆడుకోవడానికి ఎత్తుకుపోయేవాళ్లు. ఇంకొన్నిటికి కింద ఎంఎస్, పీసీ అని ఒక చిన్న స్విచ్చు ఉండేది. మైక్రోసాఫ్ట్ పద్ధతికి ఒక వైపు, మూడు మీటల మౌస్ సిస్టమ్స్ పద్ధతికి ఇంకో వైపు. అది ఎవరో అటు జరిపేసరికి మౌస్ చచ్చిపోయిందని తెచ్చేవాళ్లు. తర్వాత గుండ్రటి పీఎస్2 ప్లగ్గులు వచ్చాయి. సీరియల్‌కు మార్చే చిన్న తొడుగు ఇస్తారు గదా, అది ఏ మౌస్‌కు తగిలించినా పనిచేస్తుందని అందరూ అనుకునేవాళ్లు. అది వట్టి తీగల తొడుగే. మౌస్ లోపలి చిప్పుకు రెండు పద్ధతులూ తెలిసి ఉంటేనే పనిచేస్తుంది.

చిత్తూరులో ఒక వీడియో స్టూడియోలో అమిగా 500 ఉండేది. దాని మౌస్ తీగ తెగిపోతే మమ్మల్ని పిలిపించారు. మా దగ్గర బర్మా బజారులో దొరికిన ఇంకో అటారి మౌస్ ఉంది. అమిగాకు కూడా కరెంటు 7, గ్రౌండు 8 కాబట్టి నేరుగా తగిలిస్తే ప్రాణం వచ్చింది గానీ, పక్కకు జరిపితే బాణం గుర్తు ఉన్నచోటే వణికింది. చిన్నాయన కాగితం తీసుకుని రెండింటి పిన్నులూ పక్కపక్కన రాశాడు. 1వ తీగను 4లోకి, 4వ తీగను 1లోకి మార్చాడు. అంతే తేడా. స్టూడియో ఆయన డబ్బులు ఇవ్వబోతే భోజనం చాలన్నాడు.

మా బడిలో యూనికార్న్ అనే కంప్యూటర్ కూడా ఒకటి ఉండేది. బడులకు కంప్యూటర్లు ఇవ్వడానికి 1984లో మొదలైన క్లాస్ పథకం కింద బీబీసీ మైక్రో అనే బ్రిటిష్ కంప్యూటర్‌ను మన సెమీకండక్టర్ కాంప్లెక్స్ వాళ్లు ఆ పేరుతో ఇచ్చారు. దానికి మౌస్ తగిలించాలంటే అడుగున ఉన్న యూజర్ పోర్టుకు తగిలించాలని, ఏఎంఎక్స్ అని మూడు మీటల మౌస్ దానికోసమే చేశారని చాలా ఏళ్ల తర్వాత చదివాను. మాకు మాత్రం దాని మీద కప్పిన గుడ్డ తీయడానికి కూడా అనుమతి దొరికేది కాదు.

*

పెళ్లి టైటిళ్లు పీసీల మీదికి వెళ్లిపోయాయి. చిన్నాయన షాపు క్రమంగా కలర్ టీవీలకు, ఆ తర్వాత సెట్‌టాప్ బాక్సులకు మారింది. చివరి రోజుల్లో చేతులు వణికి టంకం పెట్టలేకపోతే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చేయించేవాడు. చుక్క మసకగా ఉంటే, "తీసి మళ్లీ పెట్టు" అనేవాడు.

సఖ్ర్ ఇప్పుడు నా దగ్గర ఉంది. పవర్ సప్లైలో కెపాసిటర్లు మార్చాను, కీబోర్డు మీటలు ఒక్కొక్కటే విప్పి కడిగాను. పాత మిషన్లకు మౌస్ దొరకడం ఈరోజుల్లో మేం పడ్డంత కష్టం కాదు. స్మాలీమౌస్2 లాంటి అడాప్టర్లు ఉన్నాయి. మామూలు యూఎస్‌బీ మౌస్‌ను అమిగాకు, అటారి ఎస్‌టీకి, బీబీసీ మైక్రోకు తగిలించుకోవచ్చు. కొత్త మౌస్‌లు అంగుళానికి వేల చుక్కలు లెక్కపెడతాయి, పాత మిషన్లు అంత వేగాన్ని తట్టుకోలేవు. అందుకని అడాప్టర్ వేగం తగ్గించి పంపాలి. ఎంఎస్‌ఎక్స్ కోసం నేనే ఒక చిన్న మైక్రోకంట్రోలర్‌తో చేసుకున్నాను. పీఎస్2 మౌస్ నుంచి తీసుకుని, 8వ పిన్ను ఆడినప్పుడల్లా నాలుగేసి బిట్లు చొప్పున ఇస్తుంది. చిన్నాయన క్యాట్రిడ్జ్‌లతో పాటు తెచ్చిన అరబ్బీ బొమ్మల ప్రోగ్రాం ఒకటుంది, అది అసలైన ఎంఎస్‌ఎక్స్ మౌస్ తప్ప వేరే మౌస్‌ను ఒప్పుకోదు. ఇన్నేళ్లూ అది బాణం మీటలతోనే నడిచింది. ఇప్పుడు మౌస్‌తో నడుస్తోంది. దాంట్లో గుండ్రటి బ్రష్షు ఒకటుంది, 'త' ఒత్తుకు భలే సరిపోతుంది.

కువైట్ నుంచి పీలేరు, మదనపల్లె, రాయచోటి వైపు ఇలాంటి కీబోర్డులు ఇంకొన్ని వచ్చే ఉంటాయి. మీ ఇంట్లో అటక మీద అరబ్బీ అక్షరాల కీబోర్డు ఉంటే ఒక్క మాట. తొమ్మిది పిన్నుల ప్లగ్గు దూరింది గదా అని ఏ మౌస్ పడితే ఆ మౌస్ తగిలించి స్విచ్ వేయకండి. ముందు మీటరుతో 5, 7, 8, 9 పిన్నులు చూడండి. కరెంటు ఎక్కడుందో, గ్రౌండు ఎక్కడుందో రాసుకోండి. మిషన్ ఆపి ఉన్నప్పుడే ప్లగ్గు పెట్టండి, తీయండి. మౌస్ లేదని మాత్రం దాన్ని పాత సామాన్లవాడికి వేయొద్దు. మౌస్ సంగతి నేను చూసుకుంటాను.